ఎముకకో లెక్క, రైడ్‌కో లెక్క: జంప్ జాకీ పని, దెబ్బలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చిన్నప్పటి నుంచి మలక్‌పేట రేసులు చూసిన అలవాటు మీకుంది. డబ్లిన్‌లో ఉంటున్న మీ అన్నయ్యగారి అమ్మాయి, పదిహేడేళ్లది, జంప్ జాకీ (కంచెలు దూకే గుర్రప్పందేల్లో స్వారీ చేసేవాళ్లు) అవుతానని పట్టుబట్టింది. ఆ రేసులు చూస్తే గుర్రాలు పల్టీలు కొడుతున్నాయి, జాకీలు వాటి కింద పడుతున్నారు, మళ్లీ నెల తిరక్కుండా ఎక్కుతున్నారు. అసలు ప్రమాదం ఎంత, విరిగిన ఎముకలతో అంత తొందరగా ఎలా వస్తారు, ఈ పని ఎన్నాళ్లు సాగుతుంది, ఇంట్లోవాళ్లు ఏం చూసుకోవాలి?

ముందు మలక్‌పేటని కాసేపు పక్కన పెట్టండి. మీరు అక్కడ చూసేది ఫ్లాట్ రేసు. గేటు తెరుచుకుంటుంది, చదును నేల మీద ఉరుకు, రెండు మూడు నిమిషాల్లో ఫలితం. జంప్ రేసుకి గేటు ఉండదు, అడ్డంగా పట్టిన టేపు తీసి వదులుతారు. దూరం 2 మైళ్ల నుంచి మొదలవుతుంది. దాటాల్సినవి రెండు రకాలు. హర్డిల్ అంటే నేలలో దిగగొట్టిన తడికె లాంటిది, కనీసం మూడున్నర అడుగులు, తగిలితే కాస్త ముందుకు వాలుతుంది. ఫెన్స్ అంటే కొమ్మలు దట్టంగా కూర్చి కట్టిన కంచె, కనీసం నాలుగున్నర అడుగులు. కొన్నిటి ముందు కందకం కూడా ఉంటుంది. బ్రిటన్ నిబంధనల ప్రకారం 2 మైళ్లలో కనీసం 8 హర్డిల్స్, లేదా 12 ఫెన్సులు ఉండాలి. బ్రిటన్‌లో బాగా పేరున్న జంప్ రేసు గ్రాండ్ నేషనల్ అయితే 4 మైళ్ల రెండున్నర ఫర్లాంగులు, 30 ఫెన్సులు. అందులో ‘ద చెయిర్’ అనే ఫెన్సు 5 అడుగుల 2 అంగుళాలు. రోజుకి ఐదు రైడ్లు చేసే జాకీ సాయంత్రానికి యాభై దాకా అడ్డంకులు దాటి ఉంటాడు. ప్రతిదీ ఒక పరీక్షే.

ఇక పడే లెక్క. 1992 నుంచి 2000 దాకా బ్రిటన్ రేసుకోర్సుల్లో నమోదైన దాని ప్రకారం జంప్ జాకీ 100 రైడ్లకు దాదాపు 7 సార్లు పడ్డాడు, ఫ్లాట్ జాకీ 1000 రైడ్లకు 4 సార్లు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అదే లెక్కలో ఇంకో మాట ఉంది: పడ్డాక గాయమయ్యే అవకాశం ఫ్లాట్‌లోనే ఎక్కువ, రెట్టింపు దాకా. జంప్ జాకీ ప్రతి కంచె దగ్గరా పడటానికి లోలోపల సిద్ధంగా ఉంటాడు. గుర్రం వేగం కొంత తక్కువ, నేల చలికాలపు మెత్తటి నేల, వేసవి రేసులకైతే నీళ్లు పెట్టి మెత్తబరుస్తారు. ఫ్లాట్‌లో పూర్తి దౌడులో ఉన్న గుర్రం కాలు విరిగి ఉన్నట్టుండి కూలిపోతుంది, జాకీకి రెప్పపాటు కూడా దొరకదు. కాబట్టి మీకు మలక్‌పేట రేసు క్షేమంగా, ఇది ప్రాణాంతకంగా కనిపిస్తోందంటే అది సగం నిజమే. ఏడాదికి 500 రైడ్లు చేసే జంప్ జాకీ ముప్పై పైచిలుకు సార్లు పడతాడు. ఎక్కువసార్లు ప్యాంటు దులుపుకుని నడుచుకుంటూ వస్తాడు.

పడటంలోనూ తేడాలున్నాయి, ఫలితాల పట్టికలోనే అవి కనిపిస్తాయి. గుర్రం పేరు పక్కన ‘ఎఫ్’ ఉంటే గుర్రమే పడింది. ‘యూ’ ఉంటే గుర్రం నిలబడింది, జాకీ జారిపోయాడు. ‘బీ’ ఉంటే ముందు పడ్డ గుర్రం కాళ్లకు అడ్డం వచ్చి పడింది. ‘పీ’ అంటే అలసిపోయిందనో, కుంటుతోందనో జాకీయే ఆపేశాడు. అమ్మాయి పెద్దయ్యాక ఎలాంటి జాకీ అవుతుందో ఆ ‘పీ’లు చెబుతాయి. ఆశ లేని గుర్రాన్ని ఆఖరి రెండు కంచెల మీదికి బలవంతంగా తోలకపోవడం జాకీ తెలివిలో సగం. చాలా పతనాలు అక్కడే, గుర్రం అలసి కాళ్లు ఎత్తలేనప్పుడే.

గుర్రం 450 నుంచి 500 కిలోలు, వేగం గంటకు 45 నుంచి 50 కిలోమీటర్లు. కంచె దాటి దిగేటప్పుడు ముందుకాళ్లు ముడుచుకుపోతే జాకీ దాని భుజం మీదుగా ముందుకు ఎగిరి పడతాడు. భుజం కొసో, చాపిన చెయ్యో నేలకు తగులుతుంది. అందుకే ఈ వృత్తిలో అందరికంటే ముందు విరిగేది కాలర్ బోన్. ఇంకో రకం, గుర్రం ముందుభాగం కంచెకు తగిలి మొత్తంగా పల్టీ కొట్టడం. అప్పుడు జాకీ నిటారుగా నేలలోకి గుచ్చుకున్నట్టు దిగుతాడు, ఆపై గుర్రం వచ్చి మీద పడుతుంది. వెన్నుపూస, కటి ఎముక, ఛాతీ దెబ్బతినేది ఇలాగే. బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ, పొట్టిగా ఉన్న హర్డిల్ దగ్గర పతనమే చాలామంది జాకీలకు ఎక్కువ భయం. అక్కడ వేగం ఎక్కువ, గుర్రం కిందికిందగా దాటుతుంది, తగిలితే పల్టీ చప్పున అయిపోతుంది. పెద్ద కంచె దగ్గరైతే గుర్రం గాల్లో ఉండే ఆ కాస్త సేపట్లో ఒళ్లు ముడుచుకునే వీలుంటుంది.

ఇదంతా నేర్పే విద్యే. కంచె మీద నడుం వెనక్కి వాల్చి, పాదాలు ముందుకు పెట్టి, పగ్గాలను వేళ్ల మధ్య నుంచి జారనివ్వాలి. పగ్గం బిగబట్టినవాడిని గుర్రం తల మీదుగా లాగేస్తుంది. పడుతున్నట్టు తెలియగానే పగ్గం వదిలేయాలి. పట్టుకుని ఉంటే చెయ్యి చాచినట్టే ఉండి మణికట్టు విరుగుతుంది, పైగా లేస్తున్న గుర్రం మన మీదికే తిరుగుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, మోచేతులు దగ్గరికి తెచ్చి, భుజం మీదుగా దొర్లి బంతిలా ముడుచుకోవాలి. చివరి గుర్రం దాటేదాకా కదలకూడదు. గుర్రానికి నేల మీద కదలని వస్తువు కనిపిస్తే తప్పించుకుని పోతుంది, లేచి పరిగెత్తే మనిషిని తప్పించలేదు. శిక్షణలో జిమ్ చాపల మీద, యంత్రపు గుర్రం మీద దీన్ని వందలసార్లు చేయిస్తారు, ఆలోచించకుండానే ఒళ్లు దానంతట అదే ముడుచుకునేదాకా. రికాబులో పాదం ఇరుక్కోవడం మాత్రం ఏ విద్యకీ లొంగదు. జాన్ ఫ్రాంకోమ్ 1,138 గెలుపులతో, ఏడుసార్లు చాంపియన్‌గా ఉన్నవాడు. 1985లో చెప్‌స్టోలో పాదం రికాబులో చిక్కుకుని వేలాడాడు, ఆ రోజుతోనే రిటైరయ్యాడు.

ఇక విరిగిన ఎముకతో అంత తొందరగా ఎలా వస్తారన్న మీ ప్రశ్న. కాలర్ బోన్‌నే తీసుకుందాం. మామూలు మనిషికి కట్టు కట్టి వదిలేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుకుతుంది. ఒళ్లు తగిలే ఆటలకైతే మూడు నెలలు ఆగమంటారు. జాకీకి టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. అప్పుడు ఎముక అతకకముందే చెయ్యి కదులుతుంది, బరువు మోస్తుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో వచ్చేస్తాడు. ఇది ఎముక మానినట్టు కాదు, ప్లేటు దాని పని చేస్తోందంతే. ఈలోగా అదే భుజం మీద మళ్లీ పడితే ప్లేటు వంగుతుంది, లేదా ప్లేటు అంచు దగ్గర కొత్త చోట విరుగుతుంది, ఈ రెండో పగులు మొదటిదానికంటే మొండిది. భుజం గూడు జారడం ఇంకో తలనొప్పి. ఒకసారి జారిన కుర్రవాడికి మళ్లీ జారుతూనే ఉంటుంది, చివరికి ఆపరేషన్ తప్పదు, దానికి నెలలు పడుతుంది.

మణికట్టు దగ్గర ఒక హెచ్చరిక. బొటనవేలు మొదట్లో గుంటలా ఉండే చోట నొక్కితే నొప్పి ఉందంటే, ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా నమ్మకూడదు. అక్కడి స్కాఫాయిడ్ ఎముక పగులు మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. దానికి రక్తం ఒక చివర నుంచే అందుతుంది, నిర్లక్ష్యం చేస్తే రెండో ముక్క ఎండిపోతుంది, ఆ మణికట్టుతో పగ్గం పట్టడం జన్మలో కుదరదు. ఎమ్మారై తీయించడం ఖర్చు కాదు, పొదుపు.

వెన్నుపూసకి వస్తే, నడుం మీద కూలబడ్డప్పుడు వీపు అడుగు భాగంలోని పూస ముందువైపు నలిగి వాలుగా అవుతుంది. వెనుకగోడ చెదరకపోతే రెండు మూడు నెలల విశ్రాంతితో సర్దుకుంటుంది. చెదిరి ముక్క వెన్నుపాము వైపు జరిగితే ఆపరేషన్. 20 సీజన్లు వరసగా చాంపియన్ అయిన ఏపీ మెకాయ్ 2008 జనవరిలో వార్విక్‌లో పడి రెండు వెన్నుపూసలు విరగ్గొట్టుకున్నాడు. లోహపు పట్టీలతో బిగించారు. సున్నాకి వంద డిగ్రీలకు పైగా కిందనుండే చలిగదిలో రోజూ కూర్చుని, మార్చిలో చెల్టెన్‌హామ్ పండగకి, అంటే ఏటా జరిగే పెద్ద జంప్ రేసుల మేళాకి, వచ్చి నిలబడ్డాడు. దీన్ని వీరగాథలా చెప్పుకుంటారు. దాని అర్థం చలిగది ఎముక అతికిస్తుందని మాత్రం కాదు. వాపు, నొప్పి తగ్గిస్తుంది, అంతే.

పొట్ట దెబ్బలు కళ్లకు కనిపించవు కాబట్టి ఎక్కువ భయపడాల్సినవి. పక్కటెముక విరిగితే నొప్పే, కానీ దాని కొస ఊపిరితిత్తికి గుచ్చుకుంటే ఛాతీలో గాలి చేరుతుంది, అది పూర్తిగా తగ్గేదాకా విమానం ఎక్కకూడదు. డెక్క తగిలి ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం) చిట్లితే మొదటి గంటలో మనిషి బాగానే నడుస్తాడు, ఎడమ భుజంలో వింత నొప్పి తప్ప ఏమీ తెలియదు. రూబీ వాల్ష్ 2008 నవంబర్‌లో చెల్టెన్‌హామ్‌లో ఇలాగే పడితే ప్లీహం తీసేశారు, నెల తిరక్కముందే రేసులోకి దిగాడు. చెప్పనిది ఏమిటంటే, ప్లీహం లేనివాళ్లు న్యుమోనియా వంటి కొన్ని జబ్బులకు టీకాలు వేయించుకుంటూ, చిన్న జ్వరం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి, జీవితమంతా.

తల, మెడ. ఈ రెంటి దగ్గర నా గొంతు మారుతుంది. జేటీ మెక్‌నమారా 2013 మార్చిలో చెల్టెన్‌హామ్‌లో పడి మెడ విరిగి చేతులూ కాళ్లూ చచ్చుబడ్డాయి, 2016లో చనిపోయాడు. ఆయన తమ్ముడి వరస అయిన రాబీ మెక్‌నమారా 2015లో వెక్స్‌ఫర్డ్‌లో పడి నడవలేని స్థితికి వచ్చాడు, చక్రాల కుర్చీలోంచే ట్రైనర్‌గా గుర్రాలను గెలిపించాడు. మైకేల్ ఓసలివన్, 2023లో చెల్టెన్‌హామ్ పండగలో మొదటి రేసు గెలిచిన కుర్రవాడు, 2025 ఫిబ్రవరిలో థర్ల్స్‌లో పడ్డ దెబ్బకి పది రోజుల తర్వాత కన్నుమూశాడు. 24 ఏళ్లు. ఇవి అరుదైనవే. కానీ అమ్మాయికి చెప్పేటప్పుడు దాచిపెట్టి చెప్పకండి.

తల అదరడం, అంటే కంకషన్, రోజువారీ సమస్య. స్కాన్‌లో ఏమీ కనిపించదు, అయినా మెదడు దెబ్బతినే ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే కంప్యూటర్ మీద జ్ఞాపకం, వేగం కొలిచే పరీక్ష పెట్టి ఆ అంకెలు దాచుకుంటారు. పడ్డాక లక్షణాలు పోయి, అవే అంకెలు తిరిగి వస్తేనే ఎక్కనిస్తారు. కొందరు మొదటిసారి కావాలనే నెమ్మదిగా చేస్తారు, తర్వాత తేలిగ్గా పాసవ్వచ్చని. ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. బ్రయన్ టూమీ 2013లో పెర్త్‌లో పడి, పుర్రెలో కొంత భాగం తీసేసి టైటానియం పలక పెట్టించుకుని, రెండేళ్లకి మళ్లీ రేసులోకి వచ్చాడు. ఆ పట్టుదల గొప్పదే, ఆ తర్వాత ఎక్కువ కాలం స్వారీ చేయలేదన్నదీ గుర్తుంచుకోవాలి. హెల్మెట్ సంగతి ఒక్క ముక్క: లోపలి నురుగు ఒకసారి నలిగితే తిరిగి ఉబ్బదు. పైకి గీత లేకపోయినా గట్టిగా తగిలితే పారేయాలి. ఛాతీ కవచం డెక్క దెబ్బ నుంచి పక్కటెముకలను కొంత కాపాడుతుంది, వెన్నుపూసను విరగకుండా ఆపదు. రేసులో తొడిగేది తేలికైన రకం, దాన్నే నమ్ముకుని ఇంటి దగ్గర కుర్ర గుర్రాలు తోలకూడదు.

ఇన్ని తెలిసీ ఎందుకంత తొందర? అసలు సంగతి ఇక్కడుంది. జాకీకి జీతం లేదు. బ్రిటన్‌లో ఒక్కో రైడ్‌కి సుమారు 200 పౌండ్లు, గెలిస్తే బహుమతిలో పదోవంతు లోపు వాటా. అందులోంచే ఏజెంటుకి, సామాను చూసే మనిషికి, పెట్రోలుకి. ఇంట్లో కూర్చుంటే బీమా కొంత ఇస్తుంది, కానీ డబ్బు అసలు నష్టం కాదు. తను స్వారీ చేసే మంచి గుర్రాన్ని మరొకడు ఎక్కి గెలిస్తే ఆ గుర్రం తిరిగి రాకపోవచ్చు. ఎముకకి ఆరు వారాలు కావాలి, గుర్రం రెండు వారాల్లో చేజారుతుంది. జాకీ ఒళ్లంతా ఈ రెండు లెక్కల మధ్య నలుగుతుంది. మెకాయ్ 2014లో సీజన్‌కి 300 గెలుపుల కోసం దూసుకుపోతూ అక్టోబర్‌లో పడి, పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తికి గుచ్చుకుని, కాలర్ బోన్ జారినా వెంటనే మళ్లీ ఎక్కే ప్రయత్నం చేశాడు. ఒళ్లు మొరాయించింది, ఆ లక్ష్యం అక్కడే ఆగింది. ఈ తొందరకి అడ్డుకట్టగానే నిబంధన ఉంది: పడ్డ ప్రతిసారీ రేసుకోర్సు డాక్టరు చూసి జాకీ వైద్య రికార్డులో రాస్తాడు, అక్కడ ‘ఎక్కకూడదు’ అని ఉంటే ఏ కోర్సులోనూ ఎక్కనివ్వరు. దెబ్బ దాచిపెట్టి ఇంటికి పోయినవాడికి ఈ అడ్డుకట్ట పనిచేయదు. రాత్రి తల తిరుగుతోందంటే ఇంట్లోవాళ్లే ఫోన్ చేయాలి.

విరిగే ఎముకకి ఇంకో కారణం బరువు. జంప్‌లో తక్కువ బరువు అంటే 10 స్టోన్ చుట్టూ, 64 కిలోల దగ్గర. అందులో జీను కలిసే ఉంటుంది, హెల్మెట్ కలవదు. మెకాయ్ 5 అడుగుల 10 అంగుళాలు, ఏళ్ల తరబడి వేడినీళ్ల తొట్టెలో చెమటోడ్చి దిగాడు. నీరు తగ్గిన ఒంటితో చూపు, నిర్ణయం మందగిస్తాయి, కంచె దగ్గర అదే ప్రాణం. ఏళ్ల తరబడి తిండి తగ్గిస్తే ఎముకలు పలచబడతాయి, ఐర్లండ్, బ్రిటన్ పరిశోధనలు రెండూ జాకీల్లో దీన్ని చూపాయి. అమ్మాయిలకైతే నెలసరి ఆగిందంటే అది ఎముకల హెచ్చరిక, క్రమశిక్షణకు గుర్తు కాదు. కోవిడ్ వేళ మూసిన బ్రిటిష్ రేసుకోర్సు సౌనాలను (చెమట పట్టించే వేడిగదులను) 2021లో పూర్తిగా తీసేశారు, ఎప్పుడో చేయాల్సిన పని. మంచి పోషకాహార నిపుణుడు చెప్పేది మీ ఇంట్లో చారు, పప్పు, గుడ్డుతోనే కుదురుతుంది. రోజంతా పస్తుండి రాత్రి పెరుగన్నం కుండెడు తినడం కుదరదు.

దారి ఎలా ఉంటుందంటే: ఐర్లండ్‌లో కిల్డేర్‌లోని జాకీల శిక్షణాలయం ఒక దారి. పాయింట్‌టుపాయింట్ అనే ఔత్సాహిక రేసుల్లో, ఎక్కువగా 3 మైళ్ల దూరంలో, స్వారీ చేసి అనుభవం గడించడం రెండోది, నాకైతే ఇదే మెరుగనిపిస్తుంది. ఆ తర్వాత కొత్తవాళ్లకు బరువులో రాయితీ ఇస్తారు. బ్రిటన్ లెక్కలో 20 గెలుపుల దాకా 7 పౌండ్ల (సుమారు 3 కిలోల) బరువు తగ్గింపు, 40 దాకా 5, 75 దాకా 3. రాయితీ ఉన్నన్నాళ్లు ట్రైనర్లు పిలుస్తారు. అది పోయిన రోజు అసలు పరీక్ష. 75 గెలుపులు దాటాక రైడ్లు ఎండిపోయి మానేసినవాళ్లూ ఉన్నారు, అందరూ దెబ్బల వల్లే మానేయరు.

రేచల్ బ్లాక్‌మోర్ ఉదాహరణ మీ అమ్మాయికి బాగా పనికొస్తుంది. టిప్పరరీ రైతుబిడ్డ, లిమరిక్ యూనివర్సిటీలో డిగ్రీ చేసి, 25 ఏళ్లప్పుడు 2015లోనే ప్రొఫెషనల్ అయింది. 2021లో మినెల్లా టైమ్స్ అనే గుర్రం మీద గ్రాండ్ నేషనల్ గెలిచిన మొదటి మహిళ. అదే ఏడాది జులైలో కిలార్నీలో పడి చీలమండ, తుంటి దగ్గర ఎముకలు విరిగాయి. 2022లో చెల్టెన్‌హామ్ పండగలోని పెద్ద రేసు గోల్డ్ కప్ గెలిచింది. 2024 సెప్టెంబర్‌లో మెడకి దెబ్బ తగిలితే మూడు నెలలు ఆగింది, తొందరపడలేదు. 2025 మేలో, ముప్పై అయిదులో ఉండగానే, తన ఇష్టంతో తప్పుకుంది. అలా తప్పుకునే అదృష్టం అందరికీ ఉండదు. రిచర్డ్ డన్‌వుడీ 1,699 గెలుపుల దగ్గర 1999లో ఆగిపోయాడు, మెడ నరం దెబ్బతిని కుడి చెయ్యి బలహీనపడింది. అంతకన్నా ఎక్కువ ఎముకలు విరిగినవాళ్లు ఆయన తర్వాత ఎన్నో ఏళ్లు స్వారీ చేశారు. అందుకే ‘ఎన్ని ఎముకలు విరిగాయి’ అన్న ప్రశ్న కంటే ‘తల ఎన్నిసార్లు అదిరింది, చెయ్యి తిమ్మిరెక్కుతోందా’ అన్నది ముఖ్యం.

దెబ్బ తగిలితే చూసే వ్యవస్థ అక్కడ గట్టిగానే ఉంది. బ్రిటన్‌లో గాయపడ్డ జాకీల నిధి 1964లో, టిమ్ బ్రుక్‌షా, పాడీ ఫారెల్ అనే ఇద్దరు జాకీలు పడి నడవలేని స్థితికి వచ్చాక పుట్టింది. ఇప్పుడు లాంబోర్న్, మాల్టన్, న్యూమార్కెట్‌లలో మూడు చికిత్సాకేంద్రాలు నడుపుతోంది. ఐర్లండ్‌కీ అలాంటి సంస్థ వేరేగా ఉంది.

ఇంట్లోవాళ్లు ఈ నెలలోనే చేయగలిగినవి కొన్ని. డెక్సా స్కాన్‌తో ఎముకల సాంద్రత ఇప్పుడే కొలిపించండి, పదిహేడేళ్లకి ఆ అంకె తర్వాత పదేళ్లు పోల్చుకోవడానికి ఉంటుంది. ఎత్తు, వాళ్ల నాన్నగారి ఎత్తు చూసి, సహజమైన బరువు 60 కిలోలు దాటి పోతుందా లేదా అని నిజాయితీగా అంచనా వేయండి. ఎప్పుడూ కిలోలకు కిలోలు తగ్గించుకుంటూ బతకడం వృత్తి కాదు. చదువు ఆపనివ్వకండి, డిగ్రీ చేస్తూ వారాంతాల్లో పాయింట్‌టుపాయింట్ స్వారీ చేసుకోవచ్చు. మొదటి లైసెన్సు ముందు కంకషన్ పరీక్ష ఆమె పూర్తి శక్తితో రాయాలని ఒట్టు పెట్టించుకోండి. బీమా పత్రంలో ‘రేసులో పడితే’ అన్నది సరిపోదు, పొద్దున్నే ట్రైనర్ దగ్గర తోలే పనిలో పడితే కూడా వర్తిస్తుందో లేదో చూడండి. అక్కడ కూడా దెబ్బలు తగులుతాయి, కెమెరా ఉండదు, అంబులెన్సు వెంట రాదు.